పొలిమేర కట్టిన పలక

మా మామ వెంకటముని ఊరికి చాటింపు వేసే మనిషి, పలక డప్పు మీద రెండు రకాల దెబ్బలు కొట్టేవాడు. ఒకటి సర్కారు దెబ్బ. శిస్తు కట్టండి, తహసీల్దారు వస్తున్నాడు, చెరువు తూము తీస్తున్నారు అని చెప్పడానికి కొట్టేది. అది వినబడితే జనం నోట్లో బీడీ కూడా తీసేవాళ్ళు కాదు. రెండోది అమ్మ దెబ్బ. ఏడాదికొక్కసారి, గంగమ్మ జాతరకు ముందు. ఆ దెబ్బకు పోరుపెట్టే పిల్లకాయలు సైతం నోరు మూసుకుని తల్లి కొంగు పట్టుకునేవాళ్ళు. పలక అదే, పుల్లలు అవే, కొట్టే చెయ్యీ అదే. మరి తేడా ఎక్కడుందో కాపురానికొచ్చిన కొత్తలో నాకు అంతుపట్టలేదు. మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని, పైగా నోరెక్కువ, అందుకని అడిగేశాను. సర్కారు దెబ్బయితే సంకటి తిని కొడతాననీ, అమ్మ దెబ్బ కొట్టే రోజు ఒక్కపొద్దు ఉంటాననీ మామ నవ్వుతూ చెప్పాడు.

అమ్మ చాటింపు పడిందంటే జాతర ముగిసేదాకా ఊళ్ళో పుట్టినవాళ్ళూ మెట్టినవాళ్ళూ పొలిమేర దాటకూడదు, లోపలికైనా బయటికైనా. దాటితే కీడు దాటినవాళ్ళకు కాదు, ఊరికి. దాని బలమంతా అక్కడే ఉంది. తన మీదికి వచ్చేదైతే ఎవడో ఒక మొండోడు దాటి చూసేవాడే. జాతర చివరి రోజు మట్టితో చేసిన అమ్మ రూపం చెంప తీసి, ఆ మట్టిని ఇంటికింత పంచుతారు. అది చేతిలో పడితే పొలిమేర తెరుచుకున్నట్టు. మా రాళ్ళవంకపల్లెలో పుట్టినవాళ్ళకు ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

దీన్ని బయటినుంచి వచ్చిన మనిషి ఒకడు మా అందరికంటే బాగా అర్థం చేసుకున్నాడు. అదే మా కొంప ముంచింది.

అవి యుద్ధం రోజులు. బియ్యం కళ్ళజూడటమే గగనంగా ఉండేది. ఆ ఎండాకాలం మా పొలిమేర వాగు, అదే వంక, దానికి ఎగువ ఊళ్ళలో వాంతిభేదులు పట్టుకున్నాయి. పొద్దున చేనికి పోయినవాడు సాయంత్రానికి లేడని వినేవాళ్ళం. అప్పుడే మా ఆడబిడ్డ మునిలక్ష్మి తొలికాన్పుకు పలమనేరు నుంచి పుట్టింటికి వచ్చింది. ఆ చలవ ఊరికి అలవాటుపడిన పిల్ల, మా ఎండకు తడిగుడ్డ నెత్తిన వేసుకుని వసారాలో కూర్చుని నన్ను ఆట పట్టించేది. నేను చేసిన సంకటి ముద్దతో గోడ కట్టుకోవచ్చని అనేది. నువ్వు మోస్తున్నది బిడ్డనా, బిందెనా అని నేననేదాన్ని. మా అత్త తాయమ్మ మా ఇద్దర్నీ కలిపి తిట్టేది. ఆ ఇంట్లో నాకు దొరికిన స్నేహితురాలు అదొక్కతే.

సూదిమందు వెయ్యడానికి సర్కారు మనిషి వచ్చాడు. పేరు బాలసుబ్రమణ్యం, శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆర్కాటు వైపువాడు, చిన్నవయసు, మాటలో అరవం దొర్లేది. ఆయన పెట్టె తెరవగానే ఊరు ఖాళీ. సూది పడితే మగతనం పోతుందని కొందరు, సూది గుర్తు చూసి యుద్ధానికి పట్టుకుపోతారని కొందరు, తెల్లారేసరికి చుట్టాల ఊళ్ళకు జారుకునేవాళ్ళు. పోతూ పోతూ జబ్బును కూడా మూటగట్టుకుని పోతున్నారని ఆయన తల పట్టుకున్నాడు.

మిగతా సర్కారోళ్ళలా ఆయన కేకలు వెయ్యలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. మా తిన్నె మీద కూర్చుని అన్నీ అడిగేవాడు. ఈ ఊళ్ళో ఎవరు ఎవరి మాట వింటారు, ఆడవాళ్ళు ఎవరిని చూసి చీర కొంటారు, ఎందుకు భయపడతారు, ఎందుకు సిగ్గుపడతారు. పలక గురించి అడిగేసరికి మామ ఉబ్బిపోయి రెండు దెబ్బలూ విడమరిచి చెప్పాడు. అంతవరకూ ఆయన్ని ఆ సంగతి అడిగినవాళ్ళెవరు? ఇన్‌స్పెక్టరు వింటూ వింటూ మజ్జిగ తాగడం కూడా మరిచిపోయాడు.

మర్నాడు మునసబు సుందరరాజును వెంటబెట్టుకుని వచ్చాడు. నేను గడప లోపల రాగులు విసురుతున్నాను. వాళ్ళ మాటలు వినబడి తిరగలి ఆపేశాను.

గుంపు కూడితే జబ్బు పాకుతుందని ఈ ఏడు జాతరలు నిలిపేశారట. పైనుంచి ఉత్తరువు వచ్చిందట. అది మునసబుకూ ఆయనకూ తప్ప ఇంకెవరికీ తెలియదట. ఇది చెప్పి ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు.

“జాతర లేదని ఎవురికీ చెప్పొద్దు. నువ్వు మాత్రం అమ్మ సాటింపు వెయ్యి.”

“జాతర లేకుండా సాటింపేంది సామీ?” అన్నాడు మామ.

“బెదిరిస్తే పారిపోతా ఉండారు. బతిమాలితే నవ్వుతా ఉండారు. మనిషికి నిజం చెప్తే సాలదు వెంకటమునీ, వాడికి అలవాటైన గొంతుతో చెప్పాల. నేను పోలీసుల్ని పెట్టి ఆపేదా, నువ్వు పలకతో ఆపుతావా?”

మునసబు ఇది ఊరి మంచికేనని, పాపమేమైనా ఉంటే సర్కారుదేనని నచ్చజెప్పాడు. మామ తల తిప్పి వసారా వైపు చూశాడు. అక్కడ మునిలక్ష్మి గోడకు ఆనుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని కునికిపాట్లు పడుతోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ జబ్బు వస్తే ఇద్దరూ దక్కరని ఇన్‌స్పెక్టరు మెల్లగా అన్నాడు. ఆ మాట ఎక్కడ తగలాలో ఆయనకు తెలుసు.

ఆ పొద్దు మామ ఒక్కపొద్దు ఉండలేదు. నా చేత సంకటి పెట్టించుకుని, తిని, చెయ్యి కడుక్కుని పలక తీసుకున్నాడు. తేడా తెలిసిపోతుందేమో, ఊరు నవ్వుతుందేమో అని నేను వాకిట్లో నిలబడి చెవి ఒగ్గి విన్నాను. ఎప్పటిలాగే ఉంది. అదే దెబ్బ. పిల్లకాయలు అలాగే నోరు మూసుకున్నారు. చింతపండు దంచే రోళ్ళు ఆగిపోయాయి. మామ గొంతు వీధి వీధికీ వినబడింది.

“గంగమ్మ సాటింపు! జాతర ముగిసేదాకా ఊరోళ్ళు ఎవురూ పొలిమేర దాటరాదు!”

చాటింపు వేళ కూడా సరిగ్గా జాతర వేళే. ఎవరికి అనుమానం వస్తుంది? చుట్టాల ఊళ్ళకు మూట కట్టుకున్నవాళ్ళు మూటలు విప్పేశారు.

తర్వాత ఇన్‌స్పెక్టరు ఆడిన ఆట చూడాలి. సూదిపెట్టె చావడిలో దాచకుండా నలుగురూ నడిచే దారిలో పెట్టించాడు. మొదటి సూది మునసబు పెండ్లాం నాగరత్నమ్మకు వేశాడు. ఆమె కట్టిన చీరే ఊరంతా కడుతుందని ఆయన కనిపెట్టేశాడు కదా. సూది పొడిచిన చోట పసుపు రాయించాడు. ఇక చూసుకోండి, చేతికి పసుపున్నవాళ్ళు బావి దగ్గర రొమ్ము విరుచుకుని తిరగడం, పసుపు లేనివాళ్ళు కొంగు కప్పుకోవడం. నీ చేతికి పసుపేదని ఒకరినొకరు దెప్పుకోవడంతోనే సగం ఊరు సూది వేయించుకుంది. కడుపుతో ఉందని మునిలక్ష్మికి సూది వెయ్యలేదు. అది మొహం చిన్నబుచ్చుకుంటే ఉత్త పసుపే రాశాడు. అది ఊరంతా తిరిగి ఆ చెయ్యి చూపించుకుని వచ్చింది.

జబ్బు మా ఊళ్ళోకి వచ్చింది. వచ్చింది గానీ నిలవలేదు. వడ్రంగి ఇంట్లో ఒక ముసలాయన, గొల్లవీధిలో ఒక తల్లి పోయారు. అంతే. ఎగువ ఊళ్ళలో ఇళ్ళకు ఇళ్ళే తలుపులు మూసుకున్నాయని విన్నాం. మా ఊరు బతికింది. పలక వల్లా సూది వల్లా బతికింది. ఇది నేను కాదనను. కాదన్నానంటే నా నోట మన్ను పడ్డట్టే.

జబ్బు సద్దుమణిగాక ఇన్‌స్పెక్టరు పక్క ఊళ్ళకు బయల్దేరుతూ, ఇక జనాన్ని తిరగనివ్వమని, చాటింపు ఎత్తేసినట్టు పలక కొట్టమని మామకు చెప్పాడు.

“కట్టే దెబ్బే ఉండాది సామీ. ఇప్పే దెబ్బ లేదు,” అన్నాడు మామ. “జాతర జరగాల. మట్టి పంచాల.”

ఇన్‌స్పెక్టరు ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఇన్ని అడిగిన మనిషి ఆ ఒక్కటి అడగలేదు. జాతరకు ఉత్తరువు తెప్పిస్తానని, వారం పదిరోజుల్లో వచ్చేస్తుందని చెప్పి సైకిలెక్కాడు. మంచివాడే. మాట మీద నిలబడదామనే అనుకున్నాడు. కానీ పై ఆఫీసుల్లో మా గంగమ్మ కోసం తొందరపడేవాళ్ళు ఎవరున్నారు?

ఊరు ఎదురుచూస్తూ కూర్చుంది. జాతర ఎప్పుడని అడిగితే మునసబు రేపూ మాపూ అనేవాడు. సంత పోయింది, పెళ్ళిచూపులు పోయాయి. నా మొగుడు చెంగయ్య రేణిగుంటలో రైలు పట్టాల కూలీ. చాటింపు రోజున అక్కడే ఉండిపోయాడు, ఊరివాడు గనక లోపలికి రాకూడదు. సెలవు దొరికినప్పుడు వంక అవతలి గట్టుకు వచ్చి నిలబడేవాడు. నేను ఇవతల. నడుమ ఇసుక తప్ప చుక్క నీళ్ళు లేవు. ఇది ఉత్త సర్కారు మాటే, దాటి వచ్చేస్తానని నేనంటే చేతులు జోడించేవాడు. వంక నడుమ రాయి మీద బెల్లం పొట్లం పెట్టి వెనక్కి నడిస్తే, నేను పోయి తెచ్చుకునేదాన్ని. మునిలక్ష్మి గట్టు మీద కూర్చుని మా ఇద్దర్నీ చూసి కడుపు పట్టుకుని నవ్వేది.

దానికి నెలలు నిండాయి. నొప్పులు తెల్లవారగానే మొదలయ్యాయి. పొద్దెక్కేకొద్దీ మంత్రసాని చౌడేశ్వరి ముఖంలో కళ పోయింది. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని, మిషను ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. అత్త గడపలోనే కూలబడింది. ఆసుపత్రి రేణిగుంట దారిలో, వంక అవతల.

మామ పలక తీశాడు. సర్కారు దెబ్బ కొట్టుకుంటూ వీధిలోకి పోయాడు. నేను వెనకాలే పరుగెత్తాను. మొదట ఎవరూ బయటికి రాలేదు. అది సర్కారు దెబ్బ కదా. ఆయన కేకకు వచ్చారు.

“ఆ సాటింపు అమ్మది కాదు. సర్కారోళ్ళు వెయ్యమంటే వేసినా. ఈ ఏడు జాతరే లేదు. నేను ఆ పొద్దు ఒక్కపొద్దు కూడా లేను. సంకటి తిని కొట్టినా.”

నేను చెవులారా విన్నానని, తిరగలి ఆపి మరీ విన్నానని గొంతు చించుకున్నాను. ఇంటి కోడలు ఇంటివైపే మాట్లాడుతుందని ఎవరో గొణిగారు. గొల్లవీధిలో తల్లిని పోగొట్టుకున్న వరదమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. చంకలో బిడ్డ ఉంది.

“సంకటి తిని కొట్టినావంటే అది నీ పాపం మామా. అమ్మ దెబ్బ అమ్మ దెబ్బే గదా,” అంది. కోపంగా కాదు, దిగులుగా అంది.

మామ మునసబు వైపు తిరిగాడు. సుందరరాజు తన అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు. జాతర లేదని ఉత్తరువు వచ్చింది నిజమే అంటే చాలు. కానీ అలా అన్నాడంటే ఇన్ని వారాలు ఊరిని రేపూ మాపూ అని మోసం చేసింది తనే అవుతాడు. ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు.

“కూతురి బాధలో ఉండాడు, పాపం. ఏందో మాట్లాడతా ఉండాడు,” అని లోపలికి పోయాడు.

ఎవరూ బండి కట్టలేదు. మామా నేనూ అత్తా చౌడేశ్వరీ మునిలక్ష్మిని మంచంతో సహా ఎత్తుకున్నాం. ఎండ నెత్తిని మాడుస్తోంది. వంక దగ్గరికి వెళ్ళేసరికి దారికి అడ్డంగా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కర్రలు లేవు, తిట్లు లేవు. ఒళ్ళో పిల్లలు, చేతుల మీద సూది మచ్చలు. మా బిడ్డలు ఉండారు మామా, మా బిడ్డలు ఉండారు అనడం తప్ప వాళ్ళు ఏమీ చెయ్యలేదు. వాళ్ళను తిట్టడానికి నాకే నోరు రాలేదు. వాళ్ళను అక్కడ కూర్చోబెట్టింది మా పలకే కదా. అవతలి గట్టున చెంగయ్య అద్దెబండి తోలుకొచ్చి నిలబడ్డాడు. కబురు ఎవరందించారో ఏమో. ఎద్దులు తోకలు ఆడిస్తున్నాయి. అంత దగ్గర.

వాళ్ళను తొక్కుకుంటూ పోదామని నేనన్నాను. మామ కదిలాడు. మంచం మీదినుంచి మునిలక్ష్మి ఆయన చెయ్యి పట్టుకుంది.

“దించు నాయనా.”

“తల్లీ, అది అబద్ధం సాటింపమ్మా. నీ మీద ఒట్టు.”

“నీ దెబ్బ నాకు తెలీదా? పుట్టినప్పటి నుంచీ వింటా ఉండా. నా కోసరం అబద్ధం సెప్తా ఉండావు.” నొప్పి వచ్చి మాట ఆగింది. పోయాక మళ్ళీ అంది. “నేను దాటి, రేపు ఆ పిల్లకాయలకు ఏమన్నా అయితే నాకు పుట్టే బిడ్డ ముఖం నేనెట్ల సూసేది?”

కానుగ చెట్టు నీడలో దించాం. దించకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళకూ కలలో ఆ మంచాన్ని నేను దించను.

మామ పిచ్చివాడిలా వంకలోకి దిగాడు. ఇసుక తోడి, అడుగున ఉన్న తడిమన్ను పిడికిట పట్టుకుని వచ్చాడు. కూతురి చెయ్యి తెరిచి అందులో పెట్టాడు. అమ్మ చెంప తీశారని, ఇదిగో మట్టి అని, పొలిమేర తెరిచేశారని చెప్పాడు. అది ఆ మట్టిని చూసింది, ఆయన్ని చూసింది. అంత బాధలోనూ దాని పెదవి మీద నవ్వు వచ్చింది.

“జాతర యాడ జరిగింది నాయనా?”

మొదటి అబద్ధాన్ని, ఆ చాటింపును, నమ్మింది. ఈ రెండో అబద్ధాన్ని మాత్రం చంటిపిల్ల కూడా కనిపెట్టేట్టు చెప్పాడు మామ. పలక లేకుండా అబద్ధం చెప్పడం ఆయనకు రాదు.

చెంగయ్య ఆసుపత్రికి బండి తోలి దొరసాని డాక్టరును ఎక్కించుకొచ్చాడు. ఆమె వంక దాటి పరుగెత్తుకుంటూ వచ్చింది. బయటివాళ్ళు రావడానికి అడ్డేమీ లేదు కాబట్టి ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అప్పటికి నీడ చెట్టుకు అవతలికి తిరిగింది. మునిలక్ష్మి చేతిలో మట్టి ఎండిపోయి ఉంది. బిడ్డ కూడా దక్కలేదు.

దారిలో కూర్చున్న ఆ ఆడవాళ్ళే ఏడుస్తూ దానికి నీళ్ళు పోశారు. వరదమ్మ తన పెళ్ళిచీర తెచ్చి కప్పింది. మా అత్త ఎవరినీ ఏమీ అనలేదు. మామతో మాట్లాడటం మాత్రం మానేసింది.

జాతరకు ఉత్తరువు వానలు మొదలయ్యాక వచ్చింది. దాన్ని ఇన్‌స్పెక్టరే తెచ్చాడు. సైకిలు దిగుతూనే మునిలక్ష్మికి ఏ బిడ్డ పుట్టిందని అడిగాడు. నేనే చెప్పాను. దాచి దాచి చెప్పలేదు, ఉన్నది ఉన్నట్టు ముఖం మీదే చెప్పాను. ఆయన తిన్నె మీద కూర్చుండిపోయాడు. ఒక్క పోలీసు లేకుండా ఊరిని నిలిపిన పద్ధతి అని తనను పెద్దదొర మెచ్చుకున్నాడట, ఆ పద్ధతి నేర్పమని ఇంకో తాలూకాకు పంపుతున్నాడట. అది చెబుతూ ఏడ్చాడు. నాకు జాలి వేసింది. కోపం కూడా పోలేదు. రెండూ ఇప్పటికీ ఉన్నాయి.

జాతర జరిగింది. మామను పలక కొట్టమని ఎవరూ అడగలేదు, ఆయనా ముట్టలేదు. పక్క ఊరినుంచి వచ్చినవాడు కొట్టాడు. చివరి రోజు అమ్మ చెంప తీసి, పూజారి మామ చేతిలో కూడా ఇంత మట్టి పెట్టాడు. మామ దాన్ని ఇంటికి తేలేదు. పిడికిలి బిగించుకుని అలాగే వంకవైపు నడిచాడు. వానకు వంకలో మోకాటిలోతు నీళ్ళు. దాటి, రేణిగుంట దారి పట్టాడు. ఎక్కడికని అడిగితే తిరిగి చూడలేదు. ఆయన్ని వెనక్కి పిలవమని నేను చెప్పినా అత్త కదలలేదు.

పొద్దుగుంకే వేళకు తిరిగొచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. మిషను ఆసుపత్రి గేటు దాకా పోయి, గేటు ముట్టుకుని వచ్చాడట. అత్త ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. అన్ని నెలల తర్వాత అత్త ఆయన ముఖంలోకి చూసింది.

“శానా దగ్గిరే ఉండాది తాయీ,” అన్నాడు.

అత్త లేచి ఆయన చేతికి నీళ్ళు పోసింది. ఆయన పిడికిలి విప్పలేదు.